పొట్టనిండా జిగురు: ఒక అరుదైన అపెండిక్స్ కణితి గురించి తేలినవి, తేలనివి

నొప్పి పెద్దగా లేకుండానే నెలల తరబడి కడుపు ఉబ్బుతూ వస్తుంది. అల్ట్రాసౌండ్ రిపోర్టులో నీరు చేరిందని రాస్తారు. ఆ నీరు తీద్దామని సూది గుచ్చితే ఏమీ రాదు, లేదంటే చిక్కటి జిగురు రెండు బొట్లు వచ్చి సూది మూసుకుపోతుంది. స్యూడోమిక్సోమా పెరిటోనై అనే జబ్బు తరచు ఇలాగే బయటపడుతుంది. కడుపులోని అవయవాలను కప్పి ఉంచే పెరిటోనియం అనే పలుచటి పొర మీద జిగురు స్రవించే కణాలు చేరి, ఏళ్ల తరబడి అక్కడే ఉండి పొట్టను నింపేస్తాయి. హాలీవుడ్ నటి ఆడ్రే హెప్‌బర్న్ 1993 జనవరిలో చనిపోయింది అపెండిక్స్‌లో మొదలైన ఈ జబ్బుతోనే.

నెదర్లాండ్స్‌లో దేశమంతటి పాథాలజీ రికార్డులను జల్లెడ పడితే ఏటా 10 లక్షల మందిలో సుమారు ఇద్దరికి ఇది వస్తోందని తేలింది. ఆ నిష్పత్తి మనకూ వర్తిస్తుందనుకుంటే, 2011 జనాభా లెక్కల ప్రకారం 8.46 కోట్ల మంది ఉన్న రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏటా 170 మంది దాకా దీని బారిన పడుతుండాలి. ఇంత తక్కువమందికి వచ్చే జబ్బు మీద వైద్యలోకంలో 140 ఏళ్లుగా వాదన నడుస్తూనే ఉంది. ఎక్కడ పుడుతుంది, దీన్ని క్యాన్సర్ అనాలా వద్దా, ఎలా వైద్యం చెయ్యాలి అనేవి ఆ వాదనలోని మూడు ప్రశ్నలు. మొదటిది దాదాపు తేలిపోయింది. రెండోదాని మీద ఒక రాజీ కుదిరింది. మూడోది ఇంకా నలుగుతోంది. ఎక్కువ వాదన ఆపరేషన్ బల్ల మీద పోసే వేడి మందు చుట్టూనే తిరుగుతోంది కానీ, రోగి భవిష్యత్తును అంతకన్నా ఎక్కువగా నిర్ణయించేవి మొదటి ఆపరేషన్, మొదటి బయాప్సీ. ఇప్పటివరకు వచ్చిన ఆధారాలు అటువైపే మొగ్గుతున్నాయి.

అండాశయమా, అపెండిక్సా?

అపెండిక్స్ జిగురుతో నిండి ఉబ్బిపోవడాన్ని ఆస్ట్రియా పాథాలజిస్టు కార్ల్ రోకిటాన్‌స్కీ 1842లోనే వర్ణించాడు. జబ్బుకు పేరు పెట్టింది మాత్రం జర్మన్ గైనకాలజిస్టు వెర్త్, 1884లో. ఆయన చూసిన రోగికి అండాశయంలో జిగురు తిత్తి ఉంది. అది పగిలి జిగురు పొట్టలోకి చేరిందని ఆయన భావించాడు. 1901లో ఫ్రాంకెల్ అనే మరో జర్మన్ వైద్యుడు అపెండిక్స్ తిత్తితో పాటు ఇదే జబ్బు ఉన్న ఒక మగ రోగి గురించి రాశాడు. అక్కడితో చర్చకు బీజం పడింది.

తర్వాతి 90 ఏళ్లు మూడు వాదాలు పక్కపక్కనే నడిచాయి. జబ్బు అండాశయంలోనే పుడుతుందని గైనకాలజిస్టులు అన్నారు. చాలామంది స్త్రీలలో అండాశయంలోనూ అపెండిక్స్‌లోనూ గడ్డలు కనిపిస్తున్నాయి కనుక రెండు చోట్లా విడివిడిగా ఒకేసారి పుడుతుందని కొందరన్నారు. అపెండిక్స్‌లో పుట్టి, పగిలి, అండాశయం మీద నాటుకుంటుందని మూడో పక్షం వాదించింది. ఒక అండాశయానికే గడ్డ ఉన్నప్పుడు అది ఎక్కువగా కుడివైపుదే, అంటే అపెండిక్స్ ఉన్న వైపుదే కావడం ఈ మూడో పక్షానికి బలం.

తీర్పును మార్చింది 1990ల పాథాలజీ. 1991లో యంగ్, గిల్క్స్, స్కల్లీ, 1995లో రోనెట్ బృందం, రోగుల స్లైడ్లను పక్కపక్కన పెట్టి చూసి అపెండిక్స్‌నే మూలంగా చూపించారు. ఆ తర్వాత అపెండిక్స్ కణాల్లో ఉన్న కేఆర్ఏఎస్ జన్యు మార్పే అదే రోగి అండాశయంలోనూ కనిపించింది. ఇప్పుడు పాథాలజిస్టులు సీకే7, సీకే20, ఎస్ఏటీబీ2 అనే రంగు పరీక్షలు చేస్తారు. సీకే20, ఎస్ఏటీబీ2 వచ్చి, సీకే7 రాకపోతే మూలం పేగు వైపు, అంటే అపెండిక్స్ అనుకోవాలి. అండాశయంలోనే పుట్టే అవకాశం బాగా కుదించుకుపోయింది. అండాశయంలోని టెరటోమా, అంటే వెంట్రుకలు, కొవ్వు వంటివి ఉండే పుట్టుకతిత్తి నుంచి పుట్టిన జిగురు కణితి మాత్రం నిజమైన మినహాయింపు.

ఒక ఉప చర్చ ఇంకా మిగిలి ఉంది. అండాశయంలో జిగురు తిత్తి తీస్తున్నప్పుడు, చూపుకు మామూలుగా కనిపించే అపెండిక్స్‌ను కూడా తీసేయాలా? మామూలుగా కనిపించినదాన్ని తీసి చూస్తే దొరికేది తక్కువేనని ఇటీవలి పరిశీలనలు చెబుతున్నాయి. అపెండిక్స్ ఉబ్బి ఉన్నా, పొట్టలో ఎక్కడైనా జిగురు కనిపించినా మాత్రం తీసి పరీక్షకు పంపాలనడంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు.

క్యాన్సరా, కాదా?

ఈ ప్రశ్న రోగి కుటుంబాన్ని ఎక్కువ ఆందోళన పెడుతుంది. ఒకే స్లైడ్‌ను చూసి ఒక ఆసుపత్రి 'కణితి' అని, ఇంకొకటి 'అడినోకార్సినోమా' అని రాయడం మామూలే. ఇది పాథాలజిస్టుల తప్పు కాదు, జబ్బు తీరే అలాంటిది. నెమ్మది రకం కణాలు అవయవాలను తొలుచుకు పోవు, లింఫు గ్రంథులకూ ఊపిరితిత్తులకూ చాలా అరుదుగా వెళ్తాయి. అయినా పొట్టను నింపి, పేగులను బిగించి, తిండి దిగకుండా చేసి చంపగలవు.

రోనెట్ బృందం 1995లో దీన్ని రెండు కొసలుగా విడదీసింది: నెమ్మది రకం, క్యాన్సర్ రకం. మధ్యలో ఉండేవాటిని ఎటు చేర్చాలన్నది గొడవగా మిగిలింది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ నెమ్మది రకాన్ని కూడా తక్కువ స్థాయి అడినోకార్సినోమాగానే పిలిచింది. దాంతో అంతవరకూ 'ఇది క్యాన్సర్ కాదు' అని విన్న రోగులకు కొత్త కంగారు మొదలైంది. 2012లో బెర్లిన్‌లో సమావేశమైన పెరిటోనియం క్యాన్సర్ నిపుణుల అంతర్జాతీయ బృందం ఒక ఉమ్మడి భాషకు పూనుకుంది. 2016లో అచ్చయిన ఆ ఒప్పందం ప్రకారం పొట్టలోని జబ్బు నాలుగు మెట్లు. మొదటి మెట్టులో జిగురు మాత్రమే ఉంటుంది, కణాలు ఉండవు. రెండోది తక్కువ స్థాయి కణాలున్నది, మూడోది ఎక్కువ స్థాయి కణాలున్నది, నాలుగోది ఉంగరం ఆకారపు కణాలున్నది. ఒక్కో మెట్టూ దిగేకొద్దీ ఫలితం దిగజారుతుంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కణాలున్న జబ్బుకు మూడు స్థాయిల లెక్కకు వచ్చింది.

ఇది రాజీయే, పూర్తి పరిష్కారం కాదు. పేరు మీద ఆరాటపడటం కన్నా రిపోర్టులో రెండు విషయాలు స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకోవడం రోగికి ఎక్కువ మేలు: జిగురులో కణాలు ఉన్నాయా, ఉంటే ఏ స్థాయి?

జిగురు ఎక్కడికి పోతుంది?

ఈ జబ్బు తీరును అర్థం చేసుకోవడంలో అమెరికా సర్జన్ పాల్ షుగర్‌బేకర్ పరిశీలన కీలకం. అపెండిక్స్ పగిలాక బయటపడ్డ కణాలకు అంటుకునే గుణం తక్కువ. అవి పొట్టలోని ద్రవం ఎటు పారితే అటు వెళ్తాయి. పంట కాలువలో కొట్టుకొచ్చిన చెత్త తూము దగ్గర పేరుకున్నట్టు, ద్రవం ఇంకే చోట్ల అవి కుప్పపడతాయి. కుడివైపు డయాఫ్రం కింద, కాలేయం పైన, పేగుల ముందు వేలాడే ఒమెంటమ్ అనే కొవ్వు తెరలో, బరువుకు దిగి కటి కుహరంలో చేరతాయి. చిన్నపేగులు నిత్యం కదులుతుంటాయి గనుక వాటి మీద చాలాకాలం నిలవలేవు. ఆపరేషన్ సాధ్యమా కాదా అన్నది చాలావరకు ఈ ఒక్క విషయం మీదే ఆధారపడుతుంది. చిన్నపేగు మీద జిగురు పరుచుకుంటే పూర్తిగా తీయడం కష్టం.

సి.టి. స్కాన్‌లోనూ ఇదే కనిపిస్తుంది. మామూలు జలోదరంలో నీరు అవయవాల చుట్టూ పారుతుంది. ఇక్కడ జిగురు కాలేయం, ప్లీహం అంచులను నొక్కేసి, గుంటలు గుంటలుగా చేస్తుంది. అనుభవమున్న రేడియాలజిస్టు ఈ ఒక్క గుర్తుతోనే అనుమానిస్తాడు.

మన దగ్గర మొదటి చిక్కు: టి.బి.

పాశ్చాత్య వ్యాసాల్లో ఈ భాగానికి పెద్దగా చోటుండదు. మనకిది ప్రధానం. పొట్టలో ద్రవం, మందంగా మారిన ఒమెంటమ్, తగ్గుతున్న బరువు, రక్తంలో పెరిగిన సి.ఎ.125. ఇవన్నీ ఒక రోగిలో కనిపిస్తే మన వైద్యుడికి మొదట తోచేది పొట్ట టి.బి. అది న్యాయమే. మన దేశంలో ఆ జబ్బే ఎక్కువ. సి.ఎ.125 అండాశయ క్యాన్సర్‌లో పెరుగుతుంది, టి.బి.లో పెరుగుతుంది, స్యూడోమిక్సోమాలోనూ పెరగవచ్చు. కనుక ఆ ఒక్క అంకె మీద నిర్ణయం నిలవదు.

ఇక్కడ రెండు ధోరణులు ఉన్నాయి. అనుమానం బలంగా ఉంటే టి.బి. మందుల ఆరు నెలల కోర్సు మొదలుపెట్టి, గుణం కనిపిస్తుందేమో చూద్దామన్నది మొదటిది. మందులు చవక, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, ఆపరేషన్ అవసరం రాదు. ముందు కణజాలం, తర్వాతే మందు అన్నది రెండోది. టి.బి.లో పొట్ట ద్రవంలో ఏడీఏ పరీక్ష సాధారణంగా 39 యూనిట్లు దాటుతుంది. ద్రవమే రాకపోతే ఆ పరీక్షకు తావే లేదు. సూదికి జిగురు తగిలినా, ఏమీ రాకపోయినా టి.బి. ఆలోచనను అక్కడే ఆపి, సి.టి. స్కాన్‌కూ బయాప్సీకీ పంపాలి. ఈ విషయంలో రెండో ధోరణిదే పైచేయి అని చెప్పడానికి వెనకాడక్కర్లేదు. మందులకు గుణం కనిపించకుండా నెలలు గడిచేకొద్దీ జిగురు చిన్నపేగుల దాకా వచ్చేస్తుంది.

తప్పు అటునుంచీ జరుగుతుంది. టి.బి. ఉన్న యువతికి అండాశయ క్యాన్సర్ అనుకుని పెద్ద ఆపరేషన్ చేసిన సందర్భాలు మన దేశపు వైద్య పత్రికల్లో తరచు కనిపిస్తాయి. అంటే టి.బి. వైపు మొగ్గు తగ్గించుకోమని కాదు. ఏ వైపైనా కణజాలం చూడకుండా ముందుకు పోవద్దనే.

జబ్బు మొదట ఏ రూపంలో బయటపడుతుందో షుగర్‌బేకర్ కేంద్రంలోని 217 మంది రికార్డులు చెబుతున్నాయి. 27 శాతం మందిలో అపెండిసైటిస్‌గా, 23 శాతంలో కడుపు ఉబ్బరంగా, 14 శాతంలో కొత్తగా వచ్చిన హెర్నియాగా కనిపించింది. స్త్రీలలో 39 శాతం మందిలో మొదటి గుర్తు అండాశయపు గడ్డే. కాబట్టి '24 గంటల కడుపునొప్పి' అని అపెండిక్స్ తీసిన జనరల్ సర్జన్, గిలక కుట్టిన సర్జన్, తిత్తి తీసిన గైనకాలజిస్టు, వీళ్లే ఈ జబ్బును మొదట చూసేవాళ్లు. క్యాన్సర్ నిపుణుల దగ్గరికి రోగి చేరేది ఆ తర్వాతే.

బయాప్సీ తీసే తీరుకూ ఒక జాగ్రత్త ఉంది. లాపరోస్కోపీ రంధ్రాల దారిలో కణాలు నాటుకోగలవు. కనుక రంధ్రాలు పొట్ట మధ్యగీత మీదే పెట్టాలని నిపుణుల సూచన. అసలు ఆపరేషన్‌లో అదే గీత వెంట కోస్తారు కాబట్టి ఆ దారిని కూడా కోసి తీసేయవచ్చు.

కత్తి ఎంత లోతుకు?

వైద్యంలో మొదటి పద్ధతి పాతది: జిగురు ఎక్కువైనప్పుడు ఆపరేషన్ చేసి వీలైనంత తీసి, మళ్లీ చేరితే మళ్లీ తీయడం. అమెరికాలోని మేయో క్లినిక్ 1994లో 56 మంది ఫలితాలు ప్రకటించింది. ఐదేళ్లకు 53 శాతం, పదేళ్లకు 32 శాతం బతికి ఉన్నారు, 76 శాతానికి జబ్బు తిరగబెట్టింది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ 2005లో 97 మందిపై ఇదే పద్ధతి ఫలితాలు చెప్పింది. మధ్యస్థ ఆయుష్షు 9.8 ఏళ్లు. ఈ అంకెలు చిన్నవి కావు. నెమ్మది రకం జబ్బు ఏ వైద్యంతోనైనా కొన్నేళ్లు సాగుతుందని గుర్తు చేస్తాయి.

రెండో పద్ధతి షుగర్‌బేకర్‌ది. జబ్బున్న పెరిటోనియం పొరను భాగాలు భాగాలుగా ఒలిచేయడం, ఒమెంటమ్, అవసరమైతే ప్లీహం, పేగులో కొంత, అండాశయాలు తీసేయడం, కంటికి కనిపించే జబ్బు మిగలకుండా చూడటం. ఆ తర్వాత 42 డిగ్రీల దగ్గర వేడి చేసిన మైటోమైసిన్ ద్రావణాన్ని 60 నుంచి 90 నిమిషాలు పొట్టలో తిప్పడం. దీన్నే హైపెక్ అంటారు. వేడి మందును ఒక రోగి పొట్టలో తిప్పిన తొలి ప్రయోగం 1980లో అమెరికాలో జాన్ స్ప్రాట్ బృందం ప్రకటించింది. ఆ రోగి జబ్బు కూడా స్యూడోమిక్సోమాయే.

ఆపరేషన్ ఉదయం మొదలై సాయంత్రం దాకా సాగడం మామూలే. మొదట సర్జన్ పొట్టను 13 భాగాలుగా విడదీసి ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కు వేస్తాడు. మొత్తం 39. చివర్లో ఎంత మిగిలిందో మళ్లీ లెక్క. ఏమీ మిగలకపోయినా, మిగిలిన ముక్క 2.5 మిల్లీమీటర్లకు లోబడి ఉన్నా పూర్తి విజయం కింద లెక్క. అంతకన్నా ఎక్కువ మిగిలితే మొత్తం కథ మారిపోతుంది.

ఎంత మారుతుందో ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ కేంద్రం 2016లో ప్రకటించిన 1000 మంది ఫలితాల్లో కనిపిస్తుంది. జబ్బు పూర్తిగా తీయగలిగిన 738 మందిలో పదేళ్లకు 70.3 శాతం బతికి ఉన్నారు. పూర్తిగా తీయలేక వీలైనంత తగ్గించిన 242 మందిలో పదేళ్లకు 8.1 శాతం. ఈ రెండు గుంపుల జబ్బు తీవ్రత మొదటే వేరు కనుక ఈ తేడా అంతా కత్తి గొప్పతనం కాదు. అయినా ఇంత తేడా మరే అంశమూ చూపలేదు. 2012లో 16 ప్రత్యేక కేంద్రాల నుంచి సేకరించిన 2298 మంది లెక్కలో మధ్యస్థ ఆయుష్షు 196 నెలలు, పదేళ్లకు 63 శాతం. ఆపరేషన్ వల్ల 2 శాతం చనిపోయారు, 24 శాతానికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి.

ఆ అధ్యయనంలోనే ఇంకో విషయం బయటపడింది. అంతకుముందు కీమోథెరపీ తీసుకుని వచ్చినవారి ఫలితం తక్కువగా ఉంది. పాత ఆపరేషన్లు ఎంత విస్తృతంగా జరిగితే, మచ్చల్లో కణాలు అంత చిక్కుకుంటాయన్నది షుగర్‌బేకర్ వాదన. ఆయన ఏకంగా పాత ఆపరేషన్లకు కూడా మార్కులు వేశాడు. తెలియక చేసిన సగం ఆపరేషన్ ఖరీదు తర్వాతి సర్జన్ కాదు, రోగి చెల్లిస్తాడు.

వేడి మందు అవసరమా?

ఇది ఇంకా రగులుతున్న ప్రశ్న. 2012 అధ్యయనంలో హైపెక్ తీసుకున్నవారిలో జబ్బు తిరగబెట్టడం ఆలస్యమైంది, మొత్తం ఆయుష్షు మీద స్వతంత్ర ప్రభావం కనిపించలేదు. 2021లో అంతర్జాతీయ రిజిస్ట్రీలోని 1924 మందిని మళ్లీ తూచితే, హైపెక్ పొందిన 1548 మందిలో ఆయుష్షు కూడా మెరుగ్గా ఉందని తేలింది. రెండూ వెనక్కి తిరిగి చూసిన లెక్కలే. ఎవరికి హైపెక్ ఇవ్వాలో డాక్టరే ఎంచుకున్నాడు. హైపెక్ ఇవ్వడానికీ ఇవ్వకపోవడానికీ చీటీ వేసి రోగులను విడదీసిన పరీక్ష ఈ జబ్బులో జరగలేదు.

పెద్దపేగు క్యాన్సర్‌లో మాత్రం అలాంటి పరీక్ష జరిగింది. ఫ్రాన్స్‌లో 265 మందిపై జరిగిన ప్రాడీజ్ 7లో ఆక్సాలిప్లాటిన్ హైపెక్ చేర్చినవారి మధ్యస్థ ఆయుష్షు 41.7 నెలలు, ఆపరేషన్ ఒక్కటే చేసినవారిది 41.2. హైపెక్ వ్యతిరేకులు దీన్నే ఎత్తి చూపుతారు. అనుకూలురు జవాబు చెబుతారు: జబ్బు వేరు, మందు వేరు, సమయం వేరు. ఈ జవాబులో బలముంది, దాంతో పాటు ఒక హెచ్చరికా ఉంది. పెద్దపేగులో నమ్మకం తప్పయినట్టే ఇక్కడా కావచ్చు. ప్రస్తుతానికి చెప్పగలిగింది ఇంత: పూర్తిగా తీయగలిగిన ఆపరేషన్‌కు హైపెక్ తోడైతే మేలు ఉండే అవకాశం ఉంది. పూర్తిగా తీయలేని ఆపరేషన్‌ను హైపెక్ కాపాడదు. ఆసుపత్రుల ప్రకటనల్లో హైపెక్ యంత్రమే ముందుంటుంది. రోగి బంధువులు అడగాల్సింది యంత్రం గురించి కాదు, ఆ బృందం ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేసిందన్నది. బ్రిటన్ ఇందుకే ఇంగ్లండ్ మొత్తానికి బేసింగ్‌స్టోక్, మాంచెస్టర్‌లలో రెండు కేంద్రాలకే ఈ జబ్బును అప్పగించింది.

ఎప్పుడు ఆగాలి?

అపెండిక్స్ తీశాక బయాప్సీలో తక్కువ స్థాయి జిగురు కణితి అని వస్తే ఏం చెయ్యాలి? కణితి అపెండిక్స్ లోపలే ఉండి, అంచు శుభ్రంగా ఉంటే ఇంకేమీ అవసరం లేదు. పెద్దపేగు కుడి భాగం తీసేయడం ఒకప్పుడు ఆనవాయితీ. 2004లో షుగర్‌బేకర్ కేంద్రమే 501 మంది రికార్డులు చూసి దానివల్ల ఆయుష్షు పెరగలేదని చెప్పింది. అపెండిక్స్ పగిలి బయట జిగురు ఉంటే అందులో కణాలున్నాయా లేదా అన్నదే తేల్చాలి. కణాల్లేని జిగురు మళ్లీ రావడం అరుదు, స్కాన్లతో గమనిస్తే చాలు. కణాలుంటే వెంటనే పెద్ద ఆపరేషనా, జాగ్రత్తగా కాపు కాయడమా అన్నదానిపై కేంద్రాలు ఏకాభిప్రాయానికి రాలేదు.

మామూలు కీమోథెరపీ సంగతి కాస్త స్పష్టమైంది. తక్కువ స్థాయి జబ్బులో దానికి ఫలితం లేదని అమెరికాలో 24 మందిపై జరిగిన యాదృచ్ఛిక పరీక్ష 2023లో చూపించింది. చిన్న పరీక్షే అయినా ఈ రంగంలో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎక్కువ స్థాయి జబ్బులో కీమో వాడుతున్నారు, దాని ప్రయోజనం ఎంతన్నది తేలాలి. అనాసలోని బ్రోమెలైన్‌తో జిగురును కరిగించే ప్రయత్నం సిడ్నీలో డేవిడ్ మోరిస్ బృందం చేస్తోంది. అది ప్రయోగ దశే. అనాస తింటే జిగురు కరుగుతుందని దానర్థం కాదు. పిల్లలు కావాలనుకునే యువతుల్లో మామూలుగా కనిపించే అండాశయాన్ని ఉంచవచ్చా అన్నది, అంకెల కన్నా ఆమె ఇష్టాన్ని ముందు అడగాల్సిన ప్రశ్న. జబ్బు ఆ అవయవం మీద ఇష్టపడి చేరుతుందని మాత్రం ఆమెకు దాచకుండా చెప్పాలి.

పాఠకులకు

డచ్ రికార్డుల్లో 1,67,744 అపెండిక్స్‌లను పరీక్షిస్తే 0.3 శాతంలో జిగురు కణితి దొరికింది. ఆ కొద్దిమందిని పట్టుకోవడానికి ఒకే దారి: తీసిన ప్రతి అపెండిక్స్‌నూ, ప్రతి అండాశయ తిత్తినీ పాథాలజీకి పంపడం. ఆపరేషన్ బాగా జరిగిందని డిశ్చార్జి చేయించుకుని వెళ్లేటప్పుడు బయాప్సీ రిపోర్టు ఎప్పుడొస్తుందో అడగండి. వచ్చాక తెచ్చుకోండి. అందులో జిగురు, మ్యూసినస్ అన్న మాటలు ఉంటే స్లైడ్లనూ మైనం బ్లాకులనూ కూడా అడిగి తీసుకోండి. వాటిని క్యాన్సర్ పాథాలజీ తెలిసినవారికి చూపించకుండా రెండో ఆపరేషన్‌కు ఒప్పుకోకండి.